ఎదురుగా వచ్చి మాట్లాడే ఇల్లు

వంటగది బల్ల దగ్గర నుంచి
జూన్ 6

వదినా,

మీరు బాగున్నారనే అనుకుంటాను, ఎందుకంటే బాగాలేకపోయినా మీరు అదే రాస్తారు. కాబట్టి ఆ పేరా ఎగ్గొట్టి నేరుగా విషయంలోకి వస్తున్నాను.

మీ మేనకోడలు గువ్వ బడిలో చేరి నెలన్నర అయింది. నిన్న టీచరమ్మ నన్ను గేటు దగ్గర ఆపి, పక్కకి తీసుకెళ్లి, మీ పిల్ల మొండిది అని చెప్పింది. పిలిస్తే పలకదట. బొమ్మలు సర్దమంటే అందరూ సర్దుతుంటారట, ఇది మాత్రం తన లోకంలో తాను ఉంటుందట. కథ చెబుతుంటే మధ్యలో లేచి వెళ్లి తలుపు దగ్గర చెప్పులన్నీ జతలు జతలుగా పేరుస్తుందట. "ఇంట్లో గారం కాస్త ఎక్కువేమో చూసుకోండి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఇది ఎంత చెప్పినట్టు వింటుందో సెలవుల్లో మీరు చూశారుగా. భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా కూర్చుని చెబితే రెండో మాట అక్కర్లేదు.

పుట్టినప్పుడు దీనికి పై పెదవి చీలి, నోట్లో అంగిలి తెరుచుకుని ఉండేదని బడిలో చేర్చేటప్పుడే చెప్పాను. నాలుగో నెలలో పెదవి, పదకొండో నెలలో అంగిలి కుట్టారని, మాట కాస్త ముక్కులోంచి వస్తుందని, ఓపిక పట్టమని కూడా చెప్పాను. అన్నింటికీ తలాడించి ఇప్పుడు మొండి అంటుందా ఆవిడ?

మాటలు నేర్పే ఆవిడ దగ్గరికి వారం వారం వెళ్తున్నాం. ఆవిడ దీని ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పాప" అనమంటుంది. అద్దం మీద ఆవిరి పడితే గాలి ముక్కులోంచి తప్పించుకుంటున్నట్టు లెక్క. మొదట్లో అద్దమంతా మసకబారేది, ఇప్పుడు సగమే. "ప" వస్తోంది, "బ" వస్తోంది. "క", "ట", "స" మాత్రం రావడం లేదు. వాటి బదులు గొంతులో చిన్న పట్టు పట్టి వదిలేస్తుంది. వినేవాళ్లకి సగం మాట మింగేసినట్టు ఉంటుంది. మీ తమ్ముడికి ఇవేం పట్టవు. "మా అక్కా ఇలాగే మాట్లాడేది, ఇప్పుడు చూడు ఎలా ఉందో" అని మీసం దువ్వుకుంటారు.

అన్నట్టు, నేను పనిచేసే బట్టల దుకాణంలో, అదే, ప్యాంట్లు పొట్టి చేసి నడుములు వదులు చేసే మా దుకాణంలో, నా మీద కొత్త ఫిర్యాదు వచ్చింది. ఏదైనా చెప్పాలంటే వెళ్లి భుజం తట్టి చెబుతున్నానట, చేతిలో ఉన్న సూది గుచ్చుకుంటోందట వాళ్లకి. ఇదంతా అత్తగారి పుణ్యం. పెళ్లయిన కొత్తలో నేను వంటగదిలోంచి హాల్లోకి కేకేస్తే ఆవిడ ఎంత చిరాకు పడేవారో. "మా ఇంట్లో ఎదురుగా వచ్చి మాట్లాడతాం" అనేవారు. ఎదురుగా రావాలి, లేదా బల్ల మీద రెండుసార్లు తట్టాలి. గదిలోకి వచ్చేముందు లైటు ఒకసారి ఆర్పి వేయాలి. ఎంత మర్యాదస్తుల ఇంట్లో పడ్డానో అనుకుని అన్నీ నేర్చుకున్నాను. ఆవిడ పోయి ఏడేళ్లయినా మా ఇంట్లో ఇంకా అదే నడుస్తోంది.

ఇదంతా ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పేదాన్ని. మీ గొంతు ఫోన్‌లో బాగుండదని మీరు ఎత్తరు కాబట్టి చేతులు నొప్పి పుట్టేలా రాస్తున్నాను. ఒక్కటి చెప్పండి. చిన్నప్పుడు మీరూ ఇలాగే మొండిగా ఉండేవారా?

మీ మరదలు


లైబ్రరీ కింది అంతస్తు, పుస్తకాలు బాగుచేసే గది
జూన్ 15

మరదలికి,

టీచరమ్మ మీద కోపంగా ఉన్నావని ఉత్తరం చదవకముందే తెలిసింది. పెన్ను కాగితం అవతలికి దిగింది.

మాటలు నేర్పే ఆవిడ గువ్వ చేత ఏవీ ఊదించడం లేదని సంతోషించాను. నాకు అంగిలి ఆరేళ్లకి గానీ కుట్టలేదు. అప్పటికే తప్పుడు మాట నోటికి అలవాటైపోయింది. ఊదితే అంగిలికి బలం వస్తుందని అమ్మకి ఎవరో చెప్పారు. ఇక చూసుకో, రోజూ సాయంత్రం పన్నెండు కొవ్వొత్తులు వరసగా నిలబెట్టి ఊదించేది. ఊదడంలో మహా దిట్టనయ్యాను. మాట మాత్రం ఎక్కడున్నదక్కడే ఉంది. మాట పలికితేనే మాట వస్తుంది, ఊదితే కొవ్వొత్తి ఆరుతుంది. పన్నెండేళ్లప్పుడు ఒక మంచి టీచరు దొరికి, ఒక్కొక్క అక్షరానికి నాలుక ఎక్కడ పెట్టాలో చూపించి నన్ను ఒడ్డున పడేసింది. గువ్వకి ఆ టీచరు మూడేళ్లకే దొరికింది, అదృష్టవంతురాలు.

అంతకుముందు నా మాట బయటివాళ్లకి అర్థం కాకపోతే మీ ఆయనే మళ్లీ చెప్పేవాడు. నాకన్నా ఐదేళ్లు చిన్నవాడు. నేను అడగనివి కూడా కలిపి చెప్పి తన జేబులో వేసుకునేవాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు నా బల్ల మీద ఒక లావుపాటి నిఘంటువు ఉంది. వీపు ఊడిపోయి వచ్చింది. పాత జిగురంతా గీకి, కొత్త దారంతో కుట్టి, వీపుకి గుడ్డ అంటించాలి. ఈ పనిలో నాకు నచ్చేదేమిటంటే పుస్తకం ఎదురు మాట్లాడదు.

మొండితనం గురించి అడిగావు. అందరూ నన్నూ అదే అనేవారు. (ఇక్కడ రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. వెలుగుకి ఎదురుగా పెట్టి చదవడానికి ప్రయత్నించకు.)

ఒక పని చెయ్యి. పిల్ల ఆడుకుంటున్నప్పుడు చెప్పులు విప్పి వెనక నుంచి వెళ్లు. బల్ల తట్టకు, లైటు ఆర్పకు, నీ నీడ దాని మీద పడకుండా చూసుకో. మామూలు గొంతుతో దానికి బాగా ఇష్టమైనదేదో చెప్పు. మూడు నాలుగు రోజులు, వేరువేరు వేళల్లో చెయ్యి. మా తమ్ముడికి చెప్పకు, నవ్వుతాడు. ఎందుకని నన్ను అడక్కు.

నీ వదిన


వంటగది బల్ల దగ్గర నుంచి
జులై 2

వదినా,

మీరు చెప్పినట్టే చేశాను. గువ్వ నేల మీద కూర్చుని గుండీల డబ్బా ఒలకబోసుకుని ఆడుకుంటోంది. చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి, మూడడుగుల దూరంలో నిలబడి "ఐస్‌క్రీమ్ తిందామా" అన్నాను. పలకలేదు. గుండీలు రంగుల వారీగా పేర్చుకుంటూనే ఉంది. రెండోసారి అన్నాను. మూడోసారి కాస్త గట్టిగా అంటే అప్పుడు తిరిగి చూసింది. మర్నాడూ అంతే. మూడో రోజు రెండోసారికే తిరిగింది. నాలుగో రోజు నేను దాదాపు అరిచాను. ఆ తర్వాత దాని పక్కనే కూలబడి ఏడ్చాను. అది నా ముఖం చూసి, ఎర్రగుండీ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. చెవిలో చిన్న రబ్బరు మూత పెట్టి, గాలి వదిలి, యంత్రం మీద గీత చూశారు. చెవి బాగుంటే ఆ గీత కొండలా లేవాలట. గువ్వ గీత రెండు చెవులకీ చదునుగా పడుకుని ఉంది.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అంగిలిని పైకి లేపే కండరాలే గొంతుకీ చెవికీ మధ్య ఉండే సన్నటి గొట్టాన్ని కూడా తెరుస్తాయట. మనం మింగినప్పుడల్లా అది తెరుచుకుని చెవిలోకి గాలి పోతుంది. చీలిన అంగిలిలో ఆ కండరాలు సరిగ్గా లాగవు, కుట్టిన తర్వాత కూడా చాలామంది పిల్లల్లో కొన్నేళ్లపాటు అంతే. గాలి పోక కర్ణభేరి వెనక నీరు చేరి జిగురులా అయిపోతుంది. ఒక రోజు కాస్త మేలుగా, ఒక రోజు మరీ తక్కువగా వినపడుతుంది. అందుకే పెద్దవాళ్లకి అది కావాలనే వినడం లేదనిపిస్తుందట. రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని వినమంది. పెట్టుకున్నాను. ఆవిడ గొంతు వస్తోంది, "ఆ"లూ "ఊ"లూ వస్తున్నాయి. "స" లేదు, "క" లేదు, "ట" లేదు. వదినా, అది పలకడం లేదని మనం బాధపడుతున్న అక్షరాలు కొన్ని దానికి వినపడనే వినపడవు. నేరమంతా అంగిలి మీదే మోపాం.

నాకు అసలు తల కొట్టుకోవాలనిపించింది ఇంకోచోట. "ఏటా మీకు ప్రశ్నల కాగితం పంపుతాం కదా, రెండుసార్లు చెవి పరీక్షకి తేదీ కూడా ఇచ్చాం, ఎందుకు రాలేదు?" అని అడిగింది. నిజమే. "పిలిస్తే పలుకుతుందా?" అన్నచోట రెండేళ్లూ మీ తమ్ముడు "చక్కగా పలుకుతుంది" అని రాసి పంపారు. అబద్ధం కాదు. మేం పిలిచేది ఎదురుగా వచ్చి, భుజం తట్టి, ముఖం చూపించి కదా. మా ఇంట్లో చెవిటి పిల్లకి కూడా అన్నీ వినపడతాయి. టీచరమ్మ ఒక్కతే దాన్ని లోకం పిలిచినట్టు పిలిచింది. ఆమెని నేను తిట్టుకున్నాను.

మూడు నెలలు చూద్దామన్నారు. నీరు దానంతటది తగ్గినా తగ్గొచ్చట. అక్టోబరు మొదట్లో మళ్లీ పరీక్ష.

ఇప్పుడు మీరు అడగవద్దన్నదే అడుగుతున్నాను. అత్తగారు ఆ మర్యాద పెట్టింది ఎవరి కోసం? వెనక నుంచి వెళ్లి పిలిచి చూడమని మీకెలా తోచింది? వదినా, మీకు వినపడుతుందా?

మీ మరదలు


లైబ్రరీ కింది అంతస్తు
జులై 12

మరదలికి,

పిల్ల సంగతి త్వరగా పట్టుకున్నావు, మంచిది. ఈ మూడు నెలలు బడిలో కొన్ని మార్పులు చేయించు. దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టాలి. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడకూడదు. వెలుగు టీచరు ముఖం మీద పడాలి, వీపు వెనక నుంచి వస్తే ముఖం నల్లగా కనిపిస్తుంది. పిల్లలు మాట్లాడుతుంటే ఎవరు మాట్లాడుతున్నారో వేలితో చూపించాలి. అర్థమైందా అని అడగొద్దు, అర్థమైందనే అంటుంది. ఏం అర్థమైందో చెప్పమనాలి.

మా అమ్మ పద్ధతి గల మనిషి, అందుకే ఆ మర్యాదలు. నాకేం, నేను బాగానే ఉన్నాను. పని ఎక్కువగా ఉంది, ఇంతకన్నా రాయలేను.

వదిన


వంటగది బల్ల దగ్గర నుంచి
అక్టోబరు 3

వదినా,

మూడు నెలలుగా మీరు నాకు జిగురు డబ్బాలు, పుస్తకాల అట్టలు, వాన సంగతులు తప్ప ఇంకేం రాయలేదు. నేనూ అడగలేదు. ఇవాళ కోపంగా రాస్తున్నాను. తర్వాత సిగ్గుపడతానని తెలిసినా రాస్తున్నాను.

గీత ఇంకా చదునుగానే ఉంది. మూడు నెలలుగా కదల్లేదు కాబట్టి కర్ణభేరికి సన్నటి గాటు పెట్టి, నీరు తీసి, బియ్యపు గింజంత గొట్టం పెడతామంటున్నారు. దాంట్లోంచి చెవిలోకి గాలి పోతుంది, ఏడాదో ఏడాదిన్నరకో దానంతటదే రాలిపోతుంది. పావుగంట పని. ఈ నెల ఇరవైకి తేదీ ఇచ్చారు. అది తప్పితే మళ్లీ ఐదు నెలల తర్వాతే. మాటలు నేర్చుకునే వయసులో ఐదు నెలలంటే చాలా ఎక్కువని మాటల టీచరు కూడా అంది.

మీ తమ్ముడు సంతకం పెట్టనంటున్నారు. పిల్లని మూడోసారి మత్తులోకి పంపనంటున్నారు. అంగిలి కుట్టిన రోజు అది స్పృహలోకి వచ్చి, నోట్లో రక్తంతో, ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చిన తీరు ఆయన మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. దానికి నా దగ్గర జవాబుంది. నన్ను కట్టిపడేసేది రెండో మాటే. "మా అక్కకి ఏ గొట్టాలూ పెట్టలేదు. అక్కకేం తక్కువైంది? చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, తన కాళ్ల మీద తను నిలబడింది. అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి." రోజూ ఇదే. డాక్టరమ్మ ముందు కూడా ఇదే చెప్పారు. మిమ్మల్ని సాక్ష్యంగా నిలబెట్టి నా కూతురి చెవులు మూసేస్తున్నారు.

నేను మూర్ఖురాలిని కాను వదినా. మీ జులై ఉత్తరం పదిసార్లు చదివాను. అర్థమైందా అని అడగొద్దు, అర్థమైందనే అంటుంది అని ఎవరి గురించి రాశారో నాకు తెలుసు. నేను చెబితే ఆయన నమ్మరు. అక్కని కించపరుస్తున్నావంటారు. మీరే చెప్పాలి. పదిహేడు రోజులున్నాయి.

మీ మరదలు


లైబ్రరీ కింది అంతస్తు
అక్టోబరు 9

ఒరేయ్ తమ్ముడూ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. ఎక్కడైనా కూర్చో.

నా గొంతు నచ్చక నేను ఫోన్ ఎత్తనని నువ్వు అందరికీ చెబుతావు. అలా అనుకోనిచ్చాను. నా గొంతుతో నాకు పేచీ లేదు. అవతలి గొంతు నాకు వినపడదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిచెవిలో సగమో అంతకన్నా తక్కువో ఉంది. చిన్నప్పుడు చెవులు కారుతుండేవి, గుర్తుందా, అమ్మ దూది పెట్టేది. పెద్దయితే తగ్గిపోతుందన్నారు. కారడం తగ్గింది. వినికిడి తిరిగి రాలేదు.

నాకు ఏడేళ్లప్పుడే అమ్మకి తెలుసు. ముఖం ఇలా, మాట ఇలా, ఇక చెవి కూడా అని తెలిస్తే పిల్లని మనిషి లెక్కలో చేర్చరని భయపడింది. ఎవరికీ చెప్పలేదు, నాన్నకి కూడా. ఇంటినే మార్చేసింది. ఎదురుగా వచ్చి మాట్లాడటం, బల్ల తట్టడం, లైటు ఆర్పడం అన్నీ నా కోసం. నీకు ఊహ తెలిసేసరికి అది మన ఇంటి మర్యాద అయిపోయింది. ప్రేమతోనే చేసింది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఇంట్లో అన్నీ వినపడేవి, గడప దాటితే ఏమీ వినపడేది కాదు. బయటివాళ్లే గొణుగుతారని చాలా ఏళ్లు అనుకున్నాను. వాళ్లు నన్ను మొండిదనుకున్నారు, తర్వాత పరధ్యానమన్నారు, ఉద్యోగంలో చేరాక పొగరన్నారు.

నాకేం తక్కువైందని అడుగుతున్నావట. చెబుతాను. నా దగ్గర నాలుగు రకాల తలూపుళ్లున్నాయి. అవునన్నట్టు ఊపేది ఒకటి, అయ్యో పాపమని ఊపేది ఒకటి, నవ్వుతూ ఊపేది, ఆలోచిస్తున్నట్టు ఊపేది. అవతలి ముఖం చూసి ఏది వాడాలో తేల్చుకుంటాను. పెళ్లిమాటలకి తలూపాను, చావు కబుర్లకి తలూపాను. మూడేళ్ల కిందట ఈ విభాగానికి పెద్దగా ఉండమని అడిగారు. ఆశ లేదని నీకు రాశాను. ఆశ ఉంది. నెలకి రెండు సమావేశాలు, బల్ల చుట్టూ పదిమంది, ఒకరి మాట మీద ఒకరు. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నామె ఇప్పుడు ఆ కుర్చీలో ఉంది. మంచి మనిషే. ఆమె ఏం చెబుతుందో సగం అర్థం కాదు.

ఇప్పుడు అసలు మాట. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

అమ్మ పోయిన రోజు నువ్వు లిఫ్టు బాగుచేస్తున్నావు. నలుగురు మనుషులు లోపల ఇరుక్కుంటే నువ్వు వదిలి రాలేకపోయావు. గంటన్నర ఆలస్యమైంది. వచ్చి నన్ను పట్టుకుని "అమ్మ చివర్లో ఏమంది?" అని అడిగావు. "నువ్వు పనిలో ఉన్నావని తెలుసంది, రాలేదని బాధపడొద్దని చెప్పమంది" అన్నాను. ఆ మాట పట్టుకునే నువ్వు తేరుకున్నావు. ప్రతి ఏడూ ఆ తేదీకి నాకు ఉత్తరం రాస్తావు, ప్రతి ఉత్తరంలోనూ ఆ మాట ఉంటుంది.

అది నేను కల్పించింది. అమ్మ ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ మాస్కు ఉంది. పెదవులు కనపడలేదు. నా వైపు తిరిగి ఏదో చెప్పింది. రెండుసార్లు చెప్పింది. మాస్కు తీసి చూడొచ్చు, అటువైపున్న నర్సుని అడగొచ్చు, వినపడలేదని చెప్పొచ్చు. నలభై రెండేళ్ల అలవాటు, తలూపాను. ఆలోచిస్తున్నట్టు ఊపేది. అమ్మ కళ్లు మూసుకుంది, మళ్లీ తెరవలేదు.

నిన్ను ఓదార్చడానికి అలా చెప్పానని అనుకోకు. ఆ గొప్ప నాకొద్దు. నాకు వినపడలేదని ఒప్పుకోలేక చెప్పాను. నీకున్న ఒకే ఒక్క ఊరటని ఇవాళ నీ చేతిలోంచి లాక్కుంటున్నాను. నన్ను ఏమైనా అను. కానీ నన్ను చూపించి పిల్ల చెవులు అలా వదిలేయకు. నీ కూతురు రేపు నీ మంచం పక్కన కూర్చుని, నువ్వేం చెప్పావో తెలియక తలూపకూడదు. సంతకం పెట్టు.

అక్క


ఆసుపత్రి నుంచి వచ్చాక, వంటగది బల్ల
అక్టోబరు 30

వదినా,

ముందు నా కిందటి ఉత్తరానికి క్షమించండి. సిగ్గుపడతానని రాశానుగా, పడుతున్నాను.

మీ ఉత్తరం ఆయన మెట్ల మీద కూర్చుని చదివారు. మళ్లీ చదివారు. కిందింటావిడ పైకి వెళ్లాలని నిలబడి ఉంటే కూడా లేవలేదు. లోపలికి వచ్చి చెప్పులు విప్పి పక్కన పెట్టారు. లిఫ్టు మోటారు చప్పుడు విని పది అంతస్తుల కింద నుంచే జబ్బు చెప్పే మనిషి, ఆ పూటంతా గువ్వ వెనక తిరిగి చిన్నగా పిలుస్తూ ఉన్నారు. అది పలకకపోతే ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త గట్టిగా. పొద్దున్నే ఆసుపత్రి కాగితం అడిగి సంతకం పెట్టారు.

పావుగంటే పట్టింది. స్పృహలోకి వచ్చి ఈసారి కూడా ఏడ్చింది, చొక్కా పట్టుకుంది. అరగంటకి బిస్కెట్ అడిగింది. ఇంటికి వచ్చిన రోజు ఫ్రిజ్ ముందు నిలబడి "ఎవరు?" అంది. లోపల ఎవరో మూలుగుతున్నారనుకుంది. తన నడక చప్పుడు విని ఆగి, మళ్లీ నడిచి చూసుకుంది. మర్నాడు నేను మామూలుగా మాట్లాడుతుంటే నా నోటి మీద చెయ్యి పెట్టి "అరవకు" అంది. మూడున్నరేళ్లుగా ఇంట్లో ఎంత అరుస్తున్నామో ఇప్పుడే తెలిసింది మాకు.

అద్భుతాలేం జరగలేదు. "క" ఇంకా రాలేదు. పాత పట్టు గొంతులోనే ఉంది, దాన్ని మాన్పించాలంటే ఏడాది పైనే పడుతుందని మాటల టీచరు చెప్పింది. కానీ నిన్న ఆవిడ "స్స్" అంటే ఇది ఆవిడ నోటి వైపు వేలు చూపించి నవ్విందట. మొదటిసారి విన్నట్టుంది. బడిలో టీచరమ్మకి వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆవిడ కూడా చెప్పింది. ఇద్దరం గేటు దగ్గర నిలబడి కాసేపు ముక్కు చీదుకున్నాం.

ఆయన మీకు విడిగా రాశారు. నాకు చూపించకుండా కవరు అంటించారు.

మీ మరదలు


అక్టోబరు 29
పని దగ్గర, మోటారు గదిలో

అక్కా,

ఉత్తరాలు రాయడం నాకు రాదు. ఏటా ఒకటి రాసేవాణ్ణి, అది కూడా నీ కోసమే. ఎందుకో చెబుతాను.

నువ్వు కల్పించావని నాకు ఆ రోజే తెలుసు. నీతో మాట్లాడాక వరండాలో నర్సు కనపడింది. అమ్మ చివర్లో ఏమైనా అందా అని ఆమెనీ అడిగాను. అప్పుడు ఆమె మంచానికి అటువైపు ఉందట. "కాళ్లకి చలి కొడుతోంది, కిటికీ మూయమని రెండుసార్లు అడిగారు. మీ అక్కగారు తలూపి అలాగే కూర్చున్నారు. దుఃఖంలో ఉన్నారు కదా అని నేనే వెళ్లి మూశాను" అని చెప్పింది. నా పేరు ఎక్కడా లేదు.

నన్ను ఓదార్చడానికి అక్క ఎంత అందంగా అల్లిందో అనుకున్నాను. నీ మాట నేను నమ్మానని నీకు తెలియాలని ప్రతి ఏడూ అది రాస్తూ వచ్చాను. ఏడేళ్లుగా నువ్వు నాకోసం, నేను నీకోసం. నువ్వు నా చేతిలోంచి లాక్కున్నదేం లేదు అక్కా.

కానీ తల్లి కిటికీ మూయమంటే కూతురు తలూపి ఎందుకు కూర్చుందని నాకు తట్టనే లేదు. చిన్నప్పటి నుంచి నీ పక్కనే తిరిగాను. బేరింగు అరిగితే చప్పుడు బట్టి చెప్పేస్తాను. నీ సంగతి నాకు తెలియలేదు. గువ్వ సంగతీ తెలియలేదు. దాని గురించి కాగితం మీద "చక్కగా పలుకుతుంది" అని రాసిన చెయ్యి ఇది.

ఈ కిటికీ సంగతి నీకు చెప్పాలా వద్దా అని వారం ఆలోచించాను. నువ్వు నాకు నిజం రాశావు కాబట్టి రాస్తున్నాను.

తమ్ముడు


మా ఇంట్లో, మంచం మీద
నవంబరు 8

తమ్ముడికి, మరదలికి,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. మరదలి ఉత్తరం ముందు చదివాను. ఫ్రిజ్‌ని "ఎవరు" అని అడిగిన పిల్లకి నా తరఫున రెండు ముద్దులు ఎక్కువ పెట్టండి. "స" వచ్చిన రోజు నాకు తంతి కొట్టినంత తొందరగా రాయండి.

తమ్ముడూ, నీది చదివి రెండు రోజులు పనికి వెళ్లలేదు. ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు.

ఏడేళ్లలో ఆ మాస్కు వెనక నేను ఎన్ని మాటలు పెట్టానో నీకు తెలియదు. నన్ను దాచి పెంచినందుకు క్షమించమందేమో అనుకున్నాను. నీకు ఎందుకు చెప్పలేదని కోప్పడిందేమో అనుకున్నాను. ఒక్కదానివే ఎలా బతుకుతావే అని ఏడ్చిందేమో అనుకున్నాను. పుస్తకాలు కుడుతూ కుడుతూ ఒక్కొక్కటీ ఆవిడ గొంతుతో అనుకుని చూసేదాన్ని, ఏది సరిపోతుందా అని. నీ ఉత్తరంలో కిటికీ అని చదవగానే పక్కింటివాళ్లకి వినపడేలా నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకే తెలియలేదు.

చెప్పినందుకు నీ మీద కోపం లేదు. చెప్పకపోతేనే ఉండేది. సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. సెలవు కాగితంలో కారణం అన్నచోట ఇన్నేళ్లూ "సొంత పని" అని రాసేదాన్ని. ఈసారి "చెవి పరీక్ష" అని రాసి మా విభాగం పెద్దామె చేతికిచ్చాను. ఆమె చదివి, నా ముఖంలోకి చూస్తూ, నెమ్మదిగా ఏదో అడిగింది. వినపడలేదు, మళ్లీ చెప్పండి అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆ మాట అనడం అదే మొదలు. ఆమె మళ్లీ చెప్పింది. తోడు రమ్మంటారా అని అడిగింది.

ఆ ఆసుపత్రి గది నాకు బాగా గుర్తుంది తమ్ముడూ. నా కుర్చీకి ఎడమవైపు గోడ, కుడివైపు ఆ కిటికీ. లేవాల్సిన పని కూడా లేదు, కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాపితే అందేది. వినపడి ఉంటే మూసేదాన్ని.

అక్క